తొట్టి పూడ్చే ముందు

తార్నాక,
ఆదివారం.

మా నాగరత్నక్కకు చెల్లెలు సుజాత నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అమ్మ, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నువ్వు స్పీకర్ పెడతావు, ఇంట్లో అందరూ వింటారు. ఇది నీకొక్కదానికే.

యూనివర్సిటీ హాస్టల్ ఆఫీసులో పని అలవాటైంది. క్యాంపస్‌లో చెట్ల కింద నడిచి వెళ్తుంటే ఎండ తెలియదు. తిండి మాత్రం సయించడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిన్ని కొర్రలు పంపు. ఎండాకాలమంతా మా వీధికి ట్యాంకరే గతి. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడికేది కాదు.

ఇంటికి కుళాయి వచ్చిందనీ, బావ వాననీళ్ల తొట్టి పూడ్చి అక్కడ గది వేస్తానంటున్నాడనీ నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు "మంచిదే కదా" అన్నాను. పెట్టేశాక మాత్రం ఆ తొట్టే మనసులో మెదిలింది.

ఆ మర్నాడు ఇక్కడ మబ్బు పట్టింది. నాకు తెలియకుండానే చీపురు తీసుకుని మిద్దెక్కాను. ఊడుస్తుండగానే చినుకులు మొదలయ్యాయి. మా ఇంటి ఓనరు సత్తెమ్మగారు పైకి వచ్చింది.

"ఏందమ్మా, వానల తడుసుకుంట గీడ ఏం జేస్తున్నవ్?"

"మా ఊర్లో ఇట్లే చేస్తామండీ. మొదటి వానకు మిద్దె కడుక్కుపోతుంది. రెండో వాన నుంచి తొట్టిలోకి పట్టి తాగుతాం. మా బోరు నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి."

"గిన్ని నీళ్లు మోరీల పోతున్నయ్. మనం గూడ పడదాం తియ్" అంటూ ఆమె డ్రమ్ము వెతకబోయింది.

రెండ్రోజులకు మళ్లీ పడింది. మిద్దె మీది నీళ్లు దిగే గొట్టం కింద డ్రమ్ము పెట్టి, మూతికి తెల్లగుడ్డ కట్టాం. ఆ నీళ్లతో పప్పు వెన్నలా ఉడికింది. మొదటి ముద్దకే మన ఇల్లు కళ్లముందుకొచ్చింది. నాన్న ఆ తొట్టికి గుంత తవ్వుతుంటే మనం గంపలతో మన్ను మోయడం, సిమెంటు ఆరాక నువ్వు లోపలికి దిగి పాడితే పాట గుండ్రంగా మోగడం, తొలి చెంబు తాగి అమ్మ "చప్పగుండాయి" అంటే మనం పడీపడీ నవ్వడం. నా కళ్లు చూసి మీ మరిది "కారమెక్కువైందా?" అని అడిగారు.

బావకు చెప్పి ఆపించాలని ఫోన్ తీశాను. నంబరు నొక్కబోయి ఆగాను. నేనిక్కడ కూర్చుని పాటలూ నవ్వులూ తలుచుకుంటున్నాను. నువ్వేమో ఆ మోకాళ్లతో నిచ్చెనెక్కి ఆకులెత్తాలి, నీళ్లు వడకట్టే బొగ్గులూ ఇసకా మార్చాలి, ఏటేటా దిగి కడగాలి. నాన్న పోయాక ఆ చాకిరీ అంతా నీదే.

కుళాయి వారానికి రెండుసార్లేనన్నావు. మరి ఎండాకాలం ఎట్లా? తొట్టి ఉంచాలని నీకుంటే బావకు నేను నచ్చచెబుతాను, మిద్దె ఊడ్చే పని పిల్లలకు అప్పజెప్పు. వద్దనిపిస్తే పూడ్చేయండి, నేను నొచ్చుకోను.

అమ్మ కాళ్లకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. బావను అడిగినట్టు చెప్పు. నన్ను దీవించు.

అక్కా, ఆరోజు ఫోన్లో బావ ఏమన్నాడో చెప్పావు, మేస్త్రీ ఏమన్నాడో చెప్పావు. నీకేం కావాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, రాయి.

నీ చెల్లెలు,
సుజాత