గిలక్కాయ మామయ్యకు దండ

సోమవారం, మార్చి 9

పదో తరగతి పరీక్షల తర్వాత రిజిస్టర్లు తప్ప నేనేమీ రాయలేదు. ఈరోజు రాస్తున్నాను. ఎవరితోనూ అనలేని మాట లోపల ఉండిపోయింది. 

టీవీలో పిల్లల కార్యక్రమం చేసే గిలక్కాయ మామయ్య పోయారు. నిన్న సాయంత్రమట, గుండెపోటు. పొద్దున టీవీలో చెప్పారు. హారతి పళ్లెం చేతిలో అలాగే ఉండిపోయింది...

మా అంగన్‌వాడీ పిల్లలు రోజూ ఆయన్ని టీవీలో చూసే వస్తారు. నేను తాగమంటే తాగని పాలు, మామయ్య తాగమన్నాడంటే తాగుతారు. అందుకే మొన్న శుక్రవారం ఆయన మీదే పాఠం పెట్టాను. మామయ్య కూడా ఒకప్పుడు మీలాంటి బుడ్డోడే, నత్తి ఉండేది, పాటలు పాడి పాడి పోగొట్టుకున్నాడు అని చెప్పాను. పేపర్లో వచ్చిన ఫొటో అట్టకు అంటించి గోడకు పెట్టాను.

పాఠం అవగానే భవ్య జడలోని కనకాంబరాలు తీసి ఫొటోకు దండ వేసింది. ఎంత మురిపెంగా వేసిందో!

మా ఆయా నాగేంద్రమ్మ ఒకటే కేక. "ఓసి నీ మొహం మండా! బతికున్న మనిషి ఫొటోకి దండేస్తారంటే ఎవరన్నా?"

దేవుడి పటాలకు వెయ్యమా, పసిపిల్ల, పోనీలే అన్నాను. నవ్వాను కూడా. దండ తియ్యలేదు.

ఇప్పుడు తియ్యడానికీ లేదు. పోయిన మనిషికి దండ ఉండాల్సిందే.

మంగళవారం, మార్చి 10

నిన్న సెలవు పెట్టాను. ఈరోజు పిల్లలకు ఎలా చెప్పాలా అనుకుంటూ వెళ్లాను. నేను నోరు తెరవకముందే గౌతమ్ — "టీచరమ్మా, మామయ్యని భవ్యే చంపేసిందంట! మా నాయనమ్మ చెప్పింది."

అందరూ భవ్య వైపు చూశారు. ఐదేళ్ల పిల్ల. ఏడవలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

అన్నం ముట్టలేదు. గుడ్డు కూడా.

బుధవారం, మార్చి 11

భవ్య రాలేదు. ఇంటికి వెళ్లాను. తల్లి కోటేశ్వరి మిరపకాయల కోత మానుకుని కూర్చుంది.

"మెతుకు ముట్టటం లేదండి టీచరుగారూ. నన్ను కూడా దగ్గరికి రానివ్వట్లేదు. నేను ముట్టుకుంటే నువ్వు కూడా చచ్చిపోతావమ్మా అంటంది."

నీ వల్ల కాదు తల్లీ, మామయ్యకు గుండె బాగాలేదు అని చెప్పాను. వింది. విని అడిగింది — "మరి మా నాన్నకి దండేశాకే కదా, నాన్న రాలేదు?"

గోడ మీద వాళ్ల నాన్న ఫొటో, బంతిపూల దండ. పోయినేడు పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టింది. పెద్దవాళ్లందరం ఆ దండ వేస్తుంటే చూసిన పిల్ల ఇది. ముందు దండ, తర్వాత చావు — అలాగే పడిపోయింది దాని మనసులో.

నా మనసులో మాత్రం? ఆంజనేయస్వామి ముందు నిలబడి నేనూ అదే అడిగాను. శుక్రవారమే తీసేసి ఉంటే... ఛీ. పిల్లకు చెప్పే మాట నేనే నమ్మడం లేదా?

గురువారం, మార్చి 12

కోటేశ్వరి పిల్లను తీసుకొచ్చింది. భవ్య కాసేపు గోడ దగ్గర నిలబడి, వెళ్లిపోతానంది. తర్వాత చూస్తే ఫొటోకు దండ లేదు. వాడిపోయిందని నాగేంద్రమ్మ తీసేసిందనుకున్నాను.

శుక్రవారం, మార్చి 13



పొద్దున్నే భవ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. "లేచాడు టీచరమ్మా! నేను దండ తీసేశాగా, మామయ్య లేచాడు!"

టీవీ వాళ్లు పాత కార్యక్రమం మళ్లీ వేశారు. పిల్లలందరూ చూసే వచ్చారు. గిలక్కాయ ఊపాడంట, పాట పాడాడంట... గౌతమ్ వెళ్లి భవ్య చెయ్యి పట్టుకున్నాడు.

ఇది పాతది తల్లీ — నాలుక చివరిదాకా వచ్చింది. నాగేంద్రమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఊరుకోండమ్మా. పిల్ల తింటంది."

తింది. రెండో గుడ్డు కూడా అడిగి తింది. నేను మాట్లాడలేదు. అబద్ధం ఆడలేదు కదా అని ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

శనివారం, మార్చి 14

కోటేశ్వరి కబురు పంపింది. వెళ్లాను.

గోడ మీద వాళ్ల నాన్న ఫొటోకు దండ లేదు. భవ్యే స్టూలు ఎక్కి తీసేసింది. తలంటు పోయించుకుని, కొత్త గౌను వేయించుకుని, గడప మీద కూర్చుంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"మామయ్యకి ఒక్క రోజే పట్టింది కదా టీచరమ్మా. నాన్నకి ఎన్ని రోజులు పట్టుద్ది?"

స్వామీ...

లోపల్నించి కోటేశ్వరి — "మీరే చెప్పండి టీచరుగారూ. నా వల్ల కాదు." కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

నాకు తెలియదమ్మా అన్నాను. తెలిసి కూడా. సరేలే, నేను చూస్తుంటా అంది భవ్య.

రేపు మళ్లీ వెళ్లాలి. చెప్పాలి. మామయ్య లేవలేదని మొదలుపెడితే ఆ చేతులు మళ్లీ వెనక్కి పోతాయి. చెప్పకపోతే ఆ గడప దిగదు. ఏ మాట ముందు అనాలో ఎంత ఆలోచించినా...

ఈ కాగితాలు నా తర్వాత ఎవరికైనా దొరికితే చింపవద్దు. ఉండనివ్వండి. ఎవరికీ చూపించవద్దు. ఆ పిల్లకు అసలే వద్దు.