సెగ్మెంట్ రూటింగూ, పాంతెలీ బాబాయ్ తద్దినమూ

క్రయోవా, సెప్టెంబరు

నొవాచ్ కొండ స్టేషన్ పెద్ద పాంతెలీ బాబాయ్ గారికి హెడ్డాఫీసు నుంచి ఒతీలియా నమస్కారాలు.

మన ఇంటర్నెట్ నెట్‌వర్క్‌ని సెగ్మెంట్ రూటింగ్‌కి మార్చాలా వద్దా అన్నది వచ్చే నెల డైరెక్టర్లు తేలుస్తారు. స్టేషన్ పెద్దలందరూ సంతకం పెడితేనే సరేనంటారట. మీరు తప్ప అందరూ పెట్టారు. సంగతి మళ్లీ చెప్తాను. ఇప్పుడు ఆసుపత్రి లైనుకి మనం ఒక దారి కేటాయిస్తే, మధ్యలో ఉన్న ప్రతి స్టేషన్ రూటరూ దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఒక్కటి మరిచిపోయినా లైను పోతుంది. పోయిన చలికాలం అలాగే పోయింది. స్కాన్లు పట్నం పంపే దిక్కులేక డాక్టర్లు ఒక ముసలాయన్ని మంచులో అంబులెన్స్ ఎక్కించారు. కొత్త పద్ధతిలో సమాచారం మోసే ప్యాకెట్ బయల్దేరేటప్పుడే తాను ఎక్కడెక్కడ ఆగాలో నెత్తిన రాయించుకుని వస్తుంది. మధ్యవాళ్లు పై పేరు చూసి, చించి, ముందుకు తోస్తే చాలు. మంచు పడేలోపు ఇది జరిగి తీరాలి. నేను వదిలిపెట్టే మనిషిని కాదు.

మీ సంతకం కోసం కాచుకున్న
ఒతీలియా

తా.క.: మెయిలు పెడితే చూడరు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఇంటర్నెట్ కంపెనీలో పోస్టు స్టాంపులడిగితే స్టోరాయన నన్ను ఎగాదిగా చూశాడు.

-----

నొవాచ్

ఇంజనీరమ్మకి పాంతెలీ దీవెనలు.

సంతకం పెట్టను. చూసి, చించి, తోయడమా నా పని? ఈ కొండ మీద ప్రతి దారీ నా చేత్తో కట్టినదే. ఏది ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇవాళ నా రూటర్‌కి ఏమీ తెలియక్కర్లేదంటున్నారు, రేపు నాకూ తెలియక్కర్లేదంటారు. దాపరికం ఎందుకు, నాకు భయంగానే ఉంది. అయినా ఎక్కడో క్రయోవాలో కూర్చుని దారంతా ముందే రాసి పంపడం ఏమిటమ్మా, దారిలో వాళ్లంటే అంత అపనమ్మకమా? కాస్త మనుషుల్ని నమ్మడం నేర్చుకో.

ఇట్లు
కదలని పాంతెలీ

తా.క.: అక్టోబరు ఆఖర్లో దుమిత్రు పండగ ముందు శనివారం నా తద్దినం పెడుతున్నాం. తప్పకుండా రా. మా ఆవిడ సఫ్తా సార్మాలే చేస్తోంది. ఆ క్యాబేజీ చుట్టలు తిన్నవాళ్లెవరూ నాతో గొడవపడలేదు.

-----

క్రయోవా

బాబాయ్, దండం పెడతాను, తొందరపడొద్దు.

రూటింగ్ కోసం ప్రాణం తీసుకుంటారా ఎవరైనా? మీ తా.క. చదవగానే ఫోను చేశాను. మీరు ఫోను ఎత్తరు. మీ ఊరి ఫాదర్‌కి చేస్తే, అవునమ్మా శనివారమే, వంటవాళ్లు కూడా కుదిరారు అని తాపీగా చెప్పాడు. మీ ఊరివాళ్లవి గుండెలా, రాళ్లా? డైరెక్టర్ల సమావేశం వాయిదా వేయించాను. వాళ్లకీ విషయం చెప్పాను. మీకంటే ఏ పద్ధతీ ఎక్కువ కాదు. ఈ ఉత్తరం అందగానే ఒక్క ముక్క రాయండి.

ఆందోళనతో
ఒతీలియా

తా.క.: బతికే ఉన్నట్లయితే, సంతకం సంగతి మాత్రం అలాగే ఉందని గమనించగలరు.

-----

నొవాచ్

ఒతీలియా గారికి.

నిన్న ఆఫీసు వ్యాన్‌లో పూలచక్రం దిగింది. మీ సేవలు మరువలేం, అని బంగారు అక్షరాలతో రిబ్బను. కింద డైరెక్టర్లందరి పేర్లు. నన్ను తీసేశారని అర్థమైంది. ఉద్యోగంలోంచా, లోకంలోంచా అన్నది రాయలేదు. స్టేషన్ గేటుకి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. మీ కొత్త పద్ధతి నా శవం మీదుగా వెళ్లాలి. ఆ ఏర్పాట్లు మీరే మొదలుపెట్టారు కూడా.

ఇంకా ఊపిరి పీలుస్తున్న
పాంతెలీ

తా.క.: పూలు మాత్రం తాజాగా ఉన్నాయి. శనివారందాకా ఉంటాయని సఫ్తా వాటిని నేలమాళిగలో ఊరగాయ జాడీల పక్కన పెట్టింది.

-----

క్రయోవా

పాంతెలీ బాబాయ్‌కి, సిగ్గుతో.

పూలచక్రం డైరెక్టర్ల సెక్రటరీ ముందుచూపు. తప్పు నాది. నేను క్లూజ్ ఊరి పిల్లని. మా వైపు మనిషి పోయాకే తద్దినం పెడతారు. మీ వైపు బతికుండగానే ఎవరిది వాళ్లు పెట్టుకుంటారని మా క్యాషియరమ్మ కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పింది. ఆవిడా పెట్టుకుందట, చుట్టాలు మెచ్చుకున్నారట.

మీ భయానికి జవాబు చెప్పకుండా సంతకం అడగడం ఇంకో తప్పు. మధ్యవాళ్లకి తెలియక్కర్లేదన్నాను గానీ, మొదట రాసేవాళ్లకి అన్నీ తెలియాలి కదా. మంచులో ఏ తీగ నిలుస్తుందో, ఏ లోయలో చెట్టు పడుతుందో మీకు తప్ప ఎవరికి తెలుసు? కొండ మీది దారులు రాయాల్సింది మీరే. శనివారం వస్తున్నాను. ఆ కాగితం ఊసు ఎత్తను.

మీ
ఒతీలియా

తా.క.: కాగితం తెస్తాను. సంచిలోంచి తీయను, అంతే.

-----

నొవాచ్, ఆదివారం

అమ్మాయ్ ఒతీలియాకి పాంతెలీ, సఫ్తాల దీవెనలు.

నిన్న నువ్వు మాట మీద నిలబడ్డావు. సఫ్తా పక్కన కూర్చుని చిల్లర నాణేలు గుడ్డకి కడుతూ, ఇవెందుకని మాత్రం అడిగావు. నాకు చెప్పడమంటే సరదా కదా, మొదలుపెట్టాను. పైకి పోయే దారిలో సుంకం గేట్లుంటాయి, గేటుకో నాణెం చొప్పున బయల్దేరేటప్పుడే వెంట కట్టి పంపాలి అన్నాను.

"గేటువాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకోరా బాబాయ్?" అన్నావు.

"వాళ్లకేం పనమ్మా గుర్తుపెట్టుకోవడానికి? చూసి, తీసుకుని, ముందుకు తోస్తారు."

అన్నాక గానీ తెలియలేదు, అవి నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన మాటలేనని. నువ్వు తల దించుకుని కొలీవా తింటున్నావు. ఆ ఉడికిన గోధుమల్లో అంత చూడాల్సిందేముందో నాకు తెలియదు. సఫ్తా మాత్రం గరిటె ఆపి నన్నే చూసింది.

మా అన్న తద్దినం పెట్టడం వాడి కొడుకులు మరిచిపోయారు. నాకది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే ఎవరినీ నమ్మకుండా నాది ముందే పెట్టుకున్నాను. దారిలో వాళ్లని నమ్మమని నీకు నీతులు చెప్పింది నేనే. ఆసుపత్రి లైను మాత్రం ఎవరో గుర్తుపెట్టుకుంటారని నమ్మి వదిలేశాను. ఆ ముసలాయన మంచులో వెళ్లాడంటే అందులో నా తప్పు కూడా ఉంది.

సంతకం కాగితం ఇందులో లేదని కంగారుపడకు. నీ సంచి అడుగున చూడు. నువ్వు రెండోసారి సార్మాలే వడ్డించుకుంటున్నప్పుడు సఫ్తా ఆ కాగితం తీసింది, నేను సంతకం పెట్టాను, మళ్లీ అక్కడే పెట్టేశాం. నలిగితే నువ్వు దాని మీద పెట్టుకున్న ఊరగాయ జాడీదే తప్పు.

గేటు తాళం తీసిన
పాంతెలీ

తా.క.: ఆసుపత్రి ప్యాకెట్ నెత్తిన రాసే పేర్లలో నొవాచ్ ఉండాలి. ఈ కొండని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రాసి ఉంటే చాలు.