జామచెట్టుకు మందు ముట్టించనన్న పంతం

ఏప్రిల్ 3, గురువారం

నా పేరు మహానందమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి ఉంది, ఎందుకు దిద్దించుకోవాలి? ఊరు ఆళ్లగడ్డ. ఇంట్లో ముగ్గురం: నేను, నా కొడుకు శశిధర్, కోడలు లావణ్య. వీధివైపు శశిధర్ పురుగుమందుల అంగడి. వెనక పెరట్లో నా జామచెట్టు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతాను, లావణ్య రాస్తుంది. చెప్పింది చెప్పినట్టే రాయాలి, మధ్యలో నిట్టూర్చకూడదని షరతు.

తగువు ఇది. చెట్టుకు పిండినల్లి పట్టింది. కొమ్మలనిండా తెల్లటి దూది. ఆకుల మీద జిగట, జిగట మీద మసి. "మందన్నా కొట్టనీ, ల్యాకుంటే నరికేసి ఆడ గోడౌన్ కడ్తా" అన్నాడు శశిధర్. నా నోట్లో మిగిలినవి నాలుగు పళ్లు. వాటితో నేను తినగలిగే పండు ఆ చెట్టు జామపండొక్కటే. దాని మీద విషం పోస్తానంటే ఊరుకుంటానా? పొద్దున అంగట్లోకి పోయి, రైతులందరూ ఉండగా చెప్పాను.

"ముప్పై దినాల్లో నీ మందు సుక్క ల్యాకుండా చెట్టు బాగు చేస్తా. నీ డబ్బాలకు పూజ చేసుకుంటా కూసో!"

"నువ్వే మందు కొడితే?"

"కొడితే నరికేసుకో పో."

రేపటినుంచి లెక్క.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఉదయం 6: పైపుతో కొమ్మల మీద గట్టిగా నీళ్లు కొట్టాను. పిండినల్లి జలజలా రాలింది. ఇంతేనా! దీనికా ఇన్ని డబ్బాలు!

6.30: ప్రతి శుక్రవారంలాగే చెట్టు మొదట్లో చీమలకు రవ్వ, చక్కెర వేశాను. ఇరవై ఏళ్ల అలవాటు. పుణ్యం.

7: ముప్పై రోజులెందుకు, పది చాలు.

ఏప్రిల్ 7, సోమవారం

అంతా తిరిగి వచ్చింది. చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చింది.

చెట్టు మీద చీమల బారు. పిండినల్లి దగ్గర ఆగి ఏదో నాకుతున్నాయి. లావణ్య ఫోనులో చూసి చెప్పింది. పిండినల్లి చెట్టు రసం పీల్చి, వెనకనుంచి తీపి వదులుతుందట. ఆ తీపి కోసం చీమలు దాన్ని గొర్రెల మందలా కాస్తాయట. తినడానికి ఏ పురుగైనా వస్తే కరిచి తరుముతాయట.

అంటే ఆ కాపలావాళ్లకు ఇరవై ఏళ్లుగా టిఫిన్ పెట్టింది నేనే!

"ఇది రాయొద్దా అత్తా?"

"రాయి. నాకేం భయమా?"

ఏప్రిల్ 8, మంగళవారం

చీమలకు చక్కెర బంద్. చెట్టు మొదలుకు గుడ్డ చుట్టి గ్రీజు పూశాను. మధ్యాహ్నానికి చీమలన్నీ గ్రీజు కింద గుంపుగా నిలబడ్డాయి. మీటింగు పెట్టుకోండి, తీర్మానాలు చేసుకోండి. పైకి మాత్రం దారి లేదు!

ఏప్రిల్ 12, శనివారం

కొత్తరకం పిండినల్లి దిగింది! మామూలు దానికన్నా పెద్దది, ఒళ్లంతా తెల్లటి కుచ్చులు, పైగా చురుగ్గా నడుస్తుంది. ఇవే వీటి పెద్దలై ఉండాలి. బొటనవేలితో నలిపాను.

ఉదయం: 26.

సాయంత్రం: 41.

ఈ వయసులో ఇంత సత్తువ ఉందని నాకే తెలియదు!

ఏప్రిల్ 14, సోమవారం

రోజూ పూలు తెచ్చే జయమ్మ పెరట్లోకి వచ్చింది. చామంతి తోట ఉన్న మనిషి.

"అవ్వా, ఏం నలుపుతాండావు?"

"పిండినల్లి నాయకుల్ని."

జయమ్మ నా వేలు పట్టుకుని చూసింది. "అయ్యో నీ చేతులిరగ! పిండినల్లి ఇట్ల ఉరుకుతాదా యాడన్నా? ఇది అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినేదే ఇది!"

"మరి ఒంటిమీద ఆ దూదేంది?"

"దొంగను పట్టను పోయే పోలీసు మఫ్టీలో పోడా?"

మొత్తం అరవై ఏడు మంది పోలీసులు. నా బొటనవేలి కింద.

ఏప్రిల్ 15, మంగళవారం

తప్పు నాది కాదు. బిడ్డకు తల్లి పోలిక ఉండాలి. తల్లి ఎర్రగా, చుక్కలతో, కుంకుమభరిణెలా ఉంటుంది. పిల్ల ఇలా దూది కప్పుకుని తిరిగితే ఎవరు గుర్తుపడతారు?

లావణ్య నిట్టూర్చింది. షరతు గుర్తు చేశాను.

ఏప్రిల్ 19, శనివారం

వెతికి వెతికి ఏడు పిల్లలను పట్టాను. ఆకు మీద ఎక్కించుకుని, దూది ఎక్కువున్న కొమ్మ మీద దించాను. తింటున్నాయి. కానీ పెళ్లిలో ముత్తైదువుల్లా తీరిగ్గా తింటున్నాయి.

శశిధర్ టేపు తెచ్చి పెరడు కొలిచాడు. "ఇరవై అడుగులొస్తాది" అన్నాడు, నాకు వినబడేలా.

ఏప్రిల్ 23, బుధవారం

ఎండ నలభై మూడు. ఒక కొమ్మ పూర్తిగా ఎండింది. ఏడుగురూ ఇంకా తింటూనే ఉన్నారు.

"ఇంక పది దినాలే మా" అన్నాడు శశిధర్.

"నాకు లెక్క రాదా?"

ఏప్రిల్ 24, గురువారం

(ఇది మర్నాడు రాయించాను.)

మధ్యాహ్నం 2: శశిధర్ భోంచేసి కునుకు తీస్తున్నాడు. అంగట్లోకి వెళ్లాను. డబ్బాల మీద ఏం రాసుందో నాకేం తెలుసు? పురుగు వెల్లకిలా పడి ఉన్న బొమ్మ చూసి తెచ్చుకున్నాను.

2.15: ముక్కుకు కొంగు కట్టుకుని, ఎండిన కొమ్మ పక్క కొమ్మకు మాత్రం కొట్టాను.

2.20: దాని పక్క కొమ్మకు కూడా.

2.40: డబ్బా ఖాళీ.

ఇది పంతం తప్పడం కాదు. జబ్బు చేస్తే ఎవరికైనా సూది వేయించమా?

ఏప్రిల్ 25, శుక్రవారం

ఏడుగురూ చచ్చి ఆకుల మీదే పడున్నారు. పిండినల్లి మాత్రం తన దూది దుప్పటి కింద హాయిగా ఉంది. గోడకు ఆనిన కొమ్మ ఒకటి నేను చూసుకోలేదు. దాని మీదుగా చీమలు చెట్టెక్కి వచ్చి, ఆ ఏడింటినీ ఈడ్చుకుపోతున్నాయి.



"నీ మొగుడికి చెప్పినావంటే చూడు" అన్నాను లావణ్యతో.

"నేను చెప్పను అత్తా. వాసనే చెప్తాంది."

శశిధర్ వచ్చాడు. "ఏందిమా ఈ వాసన?"

"మజ్జిగ పులిసింది."

"ఇరవై ఏండ్లనుంచి ఇదే అమ్ముతాండా మా నేను."

ఏప్రిల్ 28, సోమవారం

ఉదయం 8: చెట్లు నరికే మనిషి రంపంతో వచ్చాడు. చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నన్ను కోసినంక దాన్ని కోయి" అన్నాను. అతను శశిధర్ వైపు చూశాడు.

"అందరి ముందర సవాలు చేసినావు కదా మా. అందరి ముందర ఓడిపోయినానని చెప్పు. అప్పుడు ఆలోచిస్తా" అన్నాడు శశిధర్.

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరి ముందూ తగ్గినదాన్ని కాదు. కుర్చీలోంచి లేవడానికే అరగంట పట్టింది.

9: అంగడి నిండా రైతులు. చెప్పాను. "దొంగతనంగా మందు కొట్టినా. ఓడిపోయినా. నా తప్పే." సగం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. అందుకని అంతా చెప్పాను. అక్షింతల పురుగు పిల్లలన్నీ చచ్చాయనీ, పిండినల్లి చావలేదనీ, చీమలు కూడా క్షేమమనీ.

చాగలమర్రి నిమ్మతోట మాధవయ్య చేతిలోని డబ్బా తిప్పి చూశాడు.

"అవ్వా, నువ్వు కొట్టింది ఈ బొమ్మున్న డబ్బానా?"

"అదే నాయనా."

"ఏమప్పా శశిధర్, పోయిన నెల కూడా నాకు ఇదే ఇస్తివే? నా తోటలోనూ పిండినల్లి అట్లే ఉండాదే?" డబ్బా బల్ల మీద పెట్టేశాడు. పక్కనున్న ఇద్దరూ పెట్టేశారు.

"మా, నువ్వు ఇంట్లోకి పో" అన్నాడు శశిధర్.

"ఇంకా చెప్పల్ల. ఆ దూది కుచ్చుల పిల్ల ఎట్లుంటాదంటే, మాధవయ్యా..."

"మా! ఇంకో ముప్పై దినాలు తీస్కో. రంపమాయన్ను పంపిచ్చేస్తా. పో మా, నీకు దండం పెడ్తా!"

"నోటిమాట చెల్లదు. కాయితం రాపిస్తా."

ఏప్రిల్ 29, మంగళవారం. మొదటి రోజు

ముప్పై రోజులు జామచెట్టుకు మందు ముట్టించను. పాకే దేన్నైనా జయమ్మను అడగకుండా నలపను. గోడకు ఆనిన కొమ్మ పొద్దున్నే కోయించాను. చీమల పుణ్యం నాకు అక్కర్లేదు; పైన అడిగితే నేనే జవాబు చెప్పుకుంటాను.

చదివించుకుని విని, ఒప్పుకుని వేసిన గుర్తు:

మహానందమ్మ, ఎడమచేతి బొటనవేలు.

సాక్షులు:
లావణ్య, రాసినది, రెండుచోట్ల నవ్వినది.
జయమ్మ, పూల వ్యాపారం.
మాధవయ్య, చాగలమర్రి.

ఎదుటి పక్షం శశిధర్ ఇంకా సంతకం చేయలేదు. అంగట్లో రైతులకు జవాబు చెప్పుకుంటున్నాడు.