నువ్వు నింపి వెళ్ళిన కెగ్

రవీ,

ఇవాళ నీ సంవత్సరీకం. "ఆయనకి ఇష్టమైంది ఏదైనా ఫొటో ముందు పెట్టండమ్మా" అన్నారు పంతులుగారు వీడియో కాల్‌లో. నాకు గుర్తొచ్చింది గరాజ్ ఫ్రిజ్‌లో కెగ్ నిండా, ఆ స్టీలు పీపా నిండా, నువ్వు చేసి పెట్టిన బీరు. ఆయనతో చెప్పలేదు.

సాయంత్రం నీ ఫ్రెండ్ కిరణ్ వచ్చాడు. కెగ్ నుంచి కుళాయికి నువ్వు చుట్టలు చుట్టి పెట్టిన పొడుగు పైపు వాసనొస్తోందని మార్చాడు. "ఇంత చుట్ట ఎందుకు వదినా, మూరెడు చాలు" అని పొట్టిది బిగించాడు. కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగే. బీరుని బయటికి తోసే గ్యాస్ తగ్గించాడు, పెంచాడు. ప్రతిసారీ నురగే. అంతా బకెట్‌లో పోశాం.

చివరికి యూట్యూబ్ చూసి తల పట్టుకున్నాడు. ఆ ప్రెషర్‌కి పైపు అంత పొడుగు ఉండాల్సిందేనట, లేకపోతే అంతా నురగేనట. షాపుకి డ్రైవ్ చేసి, కొత్తది తెచ్చి, నువ్వు చుట్టినట్టే చుట్టి పెట్టాడు.

ఈసారి బీరు నిదానంగా, తేటగా దిగింది. రెండు గుక్కలంత వచ్చాక కుళాయి బుస్సుమంది. కెగ్ ఖాళీ.

"ఇప్పుడు పర్ఫెక్ట్‌గా సెట్ అయింది వదినా" అన్నాడు కిరణ్, బకెట్ వైపు చూడకుండా.

గ్లాసు నీ ఫొటో ముందు పెట్టాను. బకెట్ ఇంకా గరాజ్‌లోనే ఉంది. పారబోయడానికి చెయ్యి రావట్లేదు.

నీ
సుధ