బొట్టు పెట్టిన కాగితం విమానం

ఆదివారం, అందరూ పడుకున్నాక

మొన్న కొత్త బండికి పెట్టినట్టే, మా గుంట తన కాగితం విమానానికీ తడి కుంకంతో బొట్టు పెట్టింది. పెట్టకపోతే పడిపోతాదట! డాబా మీంచి వదిలితే ముక్కు బరువెక్కి కిందకి వాలిపోయింది. ఇంకోటి చేసింది, దానికీ బొట్టే. చెరుకు తోటల మీంచి గాలొస్తంటే నేనూ కాసేపు తేలిపోయేను.

రేపు ట్రైనింగుకి హైదరాబాద్ వెళ్లాలి. మొదటిసారి విమానం ఎక్కడం. ఈ గుంటని వదిలి నెల్లాళ్లు...

"నీ విమానానికి బొట్టెవరు పెడతారమ్మా?"

"అక్కడ పెట్టనివ్వరే."

"అయితే నీకే పెట్టేస్తాను, ఉండు."

నుదుటి మీద ఇంకా చల్లగానే ఉంది. కడుక్కోబుద్ధి కావట్లేదు. దాని విమానంలాగే నా తలా ముందుకి వాలి, నిద్రపోతన్న దాని బుగ్గ దగ్గరే ఆగిపోతంది.