ఉడుత అయితే ఏమీ అనకు

అన్నయ్యకు,

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, లిఫ్టు మోటార్ల గదుల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన నీ చెవులకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు విననట్టు నటిస్తావు. కాగితమైతే తప్పించుకోలేవు. ముందే చెబుతున్నాను, ఇది కుశలం అడిగే ఉత్తరం కాదు, కోపంతో రాస్తున్నది. వదినకు కూడా చూపించు. ఆవిడ నా పక్షమే అవుతుందని నాకు తెలుసు.

మా లైబ్రరీలో శనివారం మధ్యాహ్నాలు ప్రోగ్రామింగ్ క్లాసు మొదలుపెట్టానని కిందటిసారి రాశాను కదా. తొమ్మిదిమంది వస్తున్నారు. ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, రిటైరైన పోస్ట్‌మ్యాన్, మిగతా అంతా కాలేజీ పిల్లలు. అందరి కంప్యూటర్లలోనూ నీ దుబాసీనే ఎక్కించాను. ఉచితం, పైగా మనం రాసిన ప్రోగ్రాంను ఒక్కో వరుసా చదివి అప్పటికప్పుడు చేసి చూపిస్తుంది, తప్పుంటే ఎక్కడుందో మన మాటల్లోనే చెబుతుంది. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మా అన్నయ్యే తయారుచేశాడని మొదటి రోజే గొప్పలు పోయాను. ఆ గొప్పలకు తగిన శాస్తే జరిగింది.

నాలుగో శనివారం కూడిక. వార్డులో ఏ గదిలో ఎందరు రోగులున్నారో ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయి మొత్తం చెప్పే ప్రోగ్రాం. నర్సుకు పనికొస్తుందని ఎంచుకున్నాను. ఆరు వరుసలు బోర్డుమీద రాసి, నా కంప్యూటర్లో నడిపి చూపించాను. జవాబు సరిగ్గా వచ్చింది. వాళ్లు మక్కీకి మక్కీ దింపుకున్నారు. తొమ్మిది కంప్యూటర్లూ ఆగిపోయాయి. 'మూడో వరుసలో మొత్తం అనే మాట వాడారు. అది ఎంతతో మొదలవుతుందో ఇంకా చెప్పలేదు. చెప్పి మళ్లీ నడపండి, కంగారేం లేదు' అని అన్ని తెరలమీదా ఒకటే మాట.

"మీది నడిచింది, మాది ఆగింది. పొల్లుపోకుండా మీరు రాసిందే రాశాం కదండీ," అన్నాడు డ్రైవరు.

"చేతి మహిమ ఉంటుందయ్యా," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

అరగంటసేపు వాళ్ల తెరలన్నీ తిరిగి చూశాను. ఏం పాలుపోలేదు. పదమూడేళ్లుగా దుబాసీ వాడుతున్నాను, ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదన్నయ్యా. చివరికి నర్సే అంది, "దుబాసీని ఎలా తయారుచేశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చన్నారుగా మేడమ్, చూద్దామా?" అని. ఆవిడకు ఓపిక ఎక్కువ. వెతికి వెతికి ఆ మాట ఉన్న చోటు పట్టుకుంది. దానికి సరిగ్గా పైన ఇంకో వరుస ఉంది, నీ అలవాటు ప్రకారం తెలుగులోనే. అందరికీ వినపడేలా చదివింది: 'వాడేవాళ్ల పేరు ఉడుత అయితే, సున్నాతో మొదలనుకో, ఏమీ అనకు.'

"ఉడుత ఎవరండీ?" అన్నాడు డ్రైవరు. నా తెర మూలన ఆ పేరే కనపడుతోంది. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ముద్దుగానే. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే నీకెప్పుడూ చెప్పనిది చెప్పాలి. చదువు అవగానే పెద్ద కంపెనీలో పరీక్షకు వెళ్లొచ్చి, 'ఆ పని నాకు నచ్చలేదన్నయ్యా' అన్నాను గుర్తుందా? అబద్ధం. అక్కడ దుబాసీ లేదు. వాళ్ల కంప్యూటరు, వాళ్ల పద్ధతి. నా ప్రోగ్రాం మూడో వరుసలోనే ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు తెలియలేదు. మొదట విలువ ఇవ్వాలన్న సంగతి దుబాసీతోపాటు నువ్వు రాసిన పాఠాల పుస్తకంలో రెండో పాఠంలోనే ఉంది, నిన్న చూశాను. ఏ రోజూ అవసరం పడకపోతే ఎవరు చదువుతారు? నలభై నిమిషాలు ఆ మూడో వరుస వంకే చూస్తూ కూర్చున్నాను. పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. నాకు ఇది రాదని ఆరోజే తేల్చుకుని, పుస్తకాలు సర్దే ఉద్యోగంలో చేరాను. ఇన్నేళ్లకు కాస్త ధైర్యం చేసి నలుగురికి నేర్పుదామనుకుంటే, నువ్వు ఆ సంగతి నాకంటే ముందే తేల్చేశావని తెలిసింది. లోకమంతా తప్పు చేస్తే ఓపిగ్గా చెప్పావు. నీ చెల్లెలికి మాత్రం చెప్పినా దండగ అనుకున్నావు.

ఈ నెలాఖరుతో క్లాసు ఆపేస్తానని లైబ్రరీ పెద్దాయనకు చెప్పాను. నువ్వు ఆ వరుస తీసెయ్. అంతే.

కోపంగా ఉన్నా నీదాన్నే,
ఉడుత

---

మా ఉడుతకు,

నీ ఉత్తరం మీ వదినే విప్పింది. గట్టిగా చదివి వినిపించింది, చదివాక నన్ను భోజనానికి పిలవలేదు. నీ పక్షం గెలిచిందని రాసుకో.

ఆ పరీక్ష సంగతి నాకు తెలియదమ్మా. ఆ పని నచ్చలేదన్నావు, సరే అనుకున్నాను. నీకు జరిగిన నష్టానికి కారణం నేనే, సాకులు చెప్పను. లిఫ్టు తలుపు సరిగ్గా పడకపోతే అది కదలకూడదు. పాపం తొందరలో ఉన్నారు, పోనీలే అని కదలనిస్తే ఎక్కినవాళ్లకే ప్రమాదం. ఉద్యోగంలో నాకు మొదటి రోజే నేర్పిన పాఠం ఇది. ఇంట్లో మరిచిపోయాను.

కానీ నీకు చెప్పినా దండగ అనుకున్నానన్నావే, అది మాత్రం తప్పు. నీకు పంతొమ్మిదేళ్లప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పుతున్నాను. నాలుగోసారి అదే తప్పు చేశావు, మొదట విలువ ఇవ్వకుండానే కూడేశావు. నేను పొద్దున్నించీ ఏడో అంతస్తులో ఒక తలుపుతో కుస్తీ పట్టి వచ్చాను. "నీ బుర్రకిది ఎక్కదు, లే ఇక్కణ్ణించి," అన్నాను. నువ్వు కుర్చీ బల్ల కిందికి సర్ది, పెన్నుకు మూత పెట్టి వెళ్లిపోయావు. పదిరోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకైతే తీసుకోవడం చేతకాలేదు. ఆ పదిరోజులూ కూర్చుని దుబాసీ మొదలుపెట్టాను, నాలాంటివాడు పక్కన లేకుండా నువ్వు నేర్చుకోవాలని. తొమ్మిది తెరలమీద 'కంగారేం లేదు' అని చూశావు చూడు, అది ఆ సాయంత్రం నీతో అనాల్సిన మాట. నీతో అనలేక లోకంలో అందరితోనూ అన్నాను. నీ దగ్గరికొచ్చేసరికి, ఆ ఒక్క తప్పు గురించి మళ్లీ నోరు విప్పాలంటేనే భయం వేసింది. అందుకే ఆ వరుస. దుబాసీని పదకొండుసార్లు కొత్తగా మార్చాను, పదకొండుసార్లూ దాన్ని చేత్తో ఎత్తి రాశాను. అది నీకు రాదని రాసింది కాదు. నా నోరు మంచిది కాదని రాసుకున్నది.

నేను దాన్ని తీయను. దుబాసీని మార్చే అధికారం ఇవాళ్టినుంచి నీకూ ఇచ్చాను. నీకు తోచినట్టు చెయ్యి. క్లాసు మానతావో మానవో కూడా నీ ఇష్టమే, నేను చెబితే వినేదానివి ఎప్పుడు?

ఒకటి మాత్రం రాతపూర్వకంగా ఉండనీ. ఆరోజు నేనన్నది తప్పు. నీ బుర్రకు ఎక్కుతుంది.

అన్నం దొరకని
అన్నయ్య

---

అన్నయ్యా,

వదినకు ఫోన్ చేసి భోజనం పెట్టమని చెప్పాను, తిన్నావో లేదో రాయి.

ఆ సాయంత్రం నేను మరవలేదు. నువ్వు మరిచిపోయావనుకుని, గుర్తు చెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. ఇద్దరం ఇద్దరమే.

నిన్న శనివారం. క్లాసులో వాళ్ల ముందే దుబాసీని విప్పాను. నీ వరుస దగ్గరికి వెళ్లాను. చెరిపెయ్యాలనే వెళ్లాను, వేలు మీట మీద పెట్టాను కూడా. తుడవబుద్ధి కాలేదు. దాని ముందు చిన్న గుర్తొకటి పెట్టాను, అది పెడితే కంప్యూటరు ఆ వరుసను పట్టించుకోకుండా దాటిపోతుందని నీకు నేను చెప్పాలా? విప్పి చదివే మనుషులకు మాత్రం అది కనపడుతూనే ఉంటుంది. కింద ఇంకో వరుస, అలాంటి గుర్తుతోనే, నేను చేర్చాను: 'మా అన్నయ్య నాకు చెప్పిన క్షమాపణ. దయచేసి ఎవరూ తీసెయ్యకండి.'

అదయ్యాక, ఉడుత అన్న పేరు మార్చకుండానే, ఆ నాలుగో శనివారం రాసిన ఆరు వరుసలూ మళ్లీ నడిపాను. ఆగిపోయింది. మూడో వరుస, మొత్తం, కంగారేం లేదు. పదమూడేళ్ల తర్వాత నువ్వు నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పినట్టుంది అన్నయ్యా. కళ్లు తుడుచుకోవడానికి బోర్డు వైపు తిరిగాను.

"సరిచెయ్యమంటారా మేడమ్?" అంది నర్సు.

"వద్దు, నాకు వచ్చు," అన్నాను.

పెద్దాయనకు చెప్పేశాను, క్లాసు ఆగదు. వచ్చే శనివారం రెండో పాఠం. ఈసారి నేను కూడా చదువుకుని వెళుతున్నాను.

అందరిలాగే తప్పులు వస్తున్న
నీ ఉడుత