దసరా బొట్టు పెట్టిన గిటారు

తమ్ముడూ,

నువ్వున్న చోట చక్కెరకు కరువుందో లేదో గానీ, బోధన్‌లో చెరుకు క్రషింగ్ మొదలైంది. నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ క్లబ్బులో నువ్వు పెట్టిన బ్యాండువాళ్ళు వాయించారు.

నువ్వు పోయాక వాళ్ళకు విద్వత్తు ఎక్కువైంది. ఒక్క పాట మొదలుపెడితే నేను అన్నం వండి, వార్చి వచ్చినా అయ్యేది కాదు. తాళం మారినప్పుడల్లా పాట అయిపోయిందనుకొని జనం చప్పట్లు కొట్టేవారు.

మొన్న దసరాకు పనిముట్లన్నిటితో పాటు నీ గిటారుకూ బొట్టు పెడుతుంటే డ్రమ్ముల శంకర్ వచ్చాడు.

"అక్కా, మల్ల మన పాత రాక్ అండ్ రోలే వాయిస్తం. జనం లేసి ఎగిరి ఎన్నేండ్లాయె! గా గిటార్ ఇయ్యరాదు."

"నా తమ్మునిది ముట్టొద్దని చెప్పిన గద."

"ఏటేటా పూజ జేస్తవు, వాయించనియ్యవు. గిదేం పూజనే అక్కా?"

బొట్టు పెట్టడం ముగించి, గిటారు తీసి ఇచ్చాను.

నిన్న మొదటి పాటకే బాయిలర్ పనివాళ్ళు కుర్చీలు పక్కకు జరిపి గంతులేశారు. "నువ్వు గూడ రా అవ్వా!" అని మనవరాలు చెయ్యి లాగింది. మోకాళ్ళ నొప్పులన్నాను గానీ, పాదం నా మాట వినలేదు. నువ్వొక్కడివే వాయించే చోటు రాగానే కళ్ళు మూసుకున్నాను. వాయించినవాడు బాగానే వాయించాడు. నువ్వు కాదు, అంతే.

శంకర్ గిటారు తిరిగివ్వబోయాడు.

"మీ తాననే ఉంచుకోండ్రి. దాని దుమ్ము దులపలేక సస్తున్న" అన్నాను.

ఇంటికొచ్చి, అది ఉండే మూలను ఊడ్చాను. అక్కడ ఏం పెట్టాలో ఇంకా తోచలేదు.

అక్క